కిరాణా తరుగుకు కట్టడి కొనుగోలు దశలోనే

హుజూరాబాద్: ధరల హెచ్చుతగ్గుల వల్ల వచ్చే లాభనష్టాలు వర్తకుని పద్దులో కనిపిస్తాయి. అమ్ముడుపోక చెత్తకు చేరిన సరుకు మాత్రం చాలా కొట్లలో పద్దుకే ఎక్కదు. పురుగు పట్టిన పప్పు, కరిగిన బెల్లం, గడువు తీరిన బిస్కెట్లు ఏ పూటకాపూట మున్సిపల్ బండిలో పడిపోతుంటాయి. ఏడాది చివర లెక్క చూసుకున్నప్పుడు అమ్మకాలు బాగానే ఉన్నా చేతిలో మిగిలింది తక్కువగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

కరీంనగర్–వరంగల్ రహదారిపై ఉన్న హుజూరాబాద్ వంటి పట్టణాలలో కిరాణా వ్యాపారం చుట్టుపక్కల గ్రామాల కొనుగోలు శక్తిపై ఆధారపడి సాగుతుంది. లోగడ పప్పులు, చక్కెర, మిరప, చింతపండు అన్నీ బస్తాలలో వచ్చి విడిగా తూకానికి అమ్ముడయ్యేవి. సరుకు కాగితపు పొట్లంలో పోయేది. ఖాళీ గోనె సంచికి ధర ఉండేది. నేల మీద రాలిన గింజల ఊడ్పు పశువుల దాణాలోకి చేరేది. పారవేయవలసింది దాదాపు ఉండేది కాదు. ప్యాకెట్ సరుకు పెరిగిన కొద్దీ రెండు కొత్త చిక్కులు వచ్చిపడ్డాయి. ఒకటి, ప్రతి ప్యాకెట్ మీద గడువు తేదీ. రెండు, తిరిగి ఏ పనికీ రాని ప్లాస్టిక్ కవరు.

ఒక ప్యాకెట్ ఖరీదు ఎంత?

తక్కువ మార్జిన్ మీద నడిచే వ్యాపారంలో చిన్న తరుగు కూడా పెద్ద దెబ్బ తీస్తుంది. ఉదాహరణకు 95 రూపాయలకు కొని 100 రూపాయలకు అమ్మే సరుకు 20 ప్యాకెట్లు ఉన్న పెట్టె ఒకటి తీసుకోవచ్చు. అందులో ఒక్క ప్యాకెట్ పాడైతే పోయేది 95 రూపాయలు. మిగిలిన 19 ప్యాకెట్లు అమ్మితే వచ్చే లాభం కూడా సరిగ్గా 95 రూపాయలే. అంటే ఇరవైలో ఒకటి చెత్తకు పోతే పెట్టె మొత్తం మీద మిగిలేది సున్న. కొట్టు అద్దె, కరెంటు, కూలీ చేతినుంచి పెట్టుకోవలసి వస్తుంది.

పంపిణీదారులు ఇచ్చే స్కీములను కూడా ఈ దృష్టితోనే పరిశీలించవలసి ఉన్నది. పై సరుకుకే ‘పన్నెండుకు ఒకటి ఉచితం’ అన్న స్కీము వచ్చిందనుకుందాం. కొట్టులో నెలకు ఆరు ప్యాకెట్లు కదులుతాయి. గడువు ఇంకా 45 రోజులే ఉన్నది. ఆ గడువులో అమ్ముడయ్యేవి తొమ్మిది. పన్నెండింటికి చెల్లించినది 1,140 రూపాయలు. తొమ్మిదింటి మీద వచ్చేది 900 రూపాయలు. నష్టం 240 రూపాయలు. స్కీము వదలి తొమ్మిదే కొని ఉంటే 45 రూపాయలు లాభం వచ్చేది. ఉచితంగా వచ్చిన ప్యాకెట్ అన్నిటికంటె ప్రియమైనదిగా తేలుతుంది.

కాబట్టి సరుకు దించుకునేటప్పుడు ధరతోపాటు మిగిలి ఉన్న గడువును కూడా బేరంలో భాగం చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఆహార సరుకులు అమ్మే సంస్థలు కొనుగోలుదారుకు సరుకు చేరే నాటికి కనీసం 30 శాతం గడువుగాని, 45 రోజులుగాని మిగిలి ఉండేలా చూడాలని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 నవంబరులో సూచించింది. వాడకందారుకే 45 రోజులు మిగలాలన్నప్పుడు, ఆపై నెలల తరబడి అమ్ముకోవలసిన చిల్లర వర్తకుడు అంతకంటె ఎక్కువ గడువు కోరడంలో తప్పు లేదు.

ముందు వచ్చిన సరుకు ముందు అమ్మడమన్నది పాత పద్ధతి. ప్యాకెట్ సరుకుకు ఇది చాలదు. నిన్న దిగిన పెట్టెలో గత నెల దిగిన పెట్టెకంటె పాత సరుకు ఉండే అవకాశమున్నది. ముందు గడువు తీరేదే ముందు వరుసలో ఉండాలి. తేదీలలోని తేడా కూడా తెలిసి ఉండాలి. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అని ఉంటే ఆ తేదీ దాటిన సరుకు అమ్మరాదు. ‘బెస్ట్ బిఫోర్’ అన్నది నాణ్యతకు సంబంధించిన తేదీ. అది దాటగానే సరుకు విషతుల్యం కాదు, కాని రుచి, వాసన తగ్గవచ్చు.

పంట డబ్బు – పండుగ సరుకు

హుజూరాబాద్ ప్రాంతంలో గిరాకీ పంటల వెంట నడుస్తుంది. సమీపంలోని జమ్మికుంట మార్కెట్‌కు పత్తి రావడం మొదలైన తర్వాత, వడ్ల డబ్బు చేతికి అందిన తర్వాత గ్రామాల కొనుగోళ్ళు పుంజుకుంటాయి. వ్యవసాయ పెట్టుబడుల కాలంలో అవి మందగిస్తాయి. ఏడాది పొడుగునా ఒకే మోతాదులో సరుకు దించే కొట్టులో మందకొడి నెలలలోనే తరుగు పేరుకుంటుంది.

బెల్లం ఇందుకు మంచి ఉదాహరణ. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరలో భక్తులు బెల్లాన్నే ‘బంగారం’గా సమర్పిస్తారు. ఆ కాలంలో ఉత్తర తెలంగాణ అంతటా బెల్లానికి అసాధారణమైన గిరాకీ ఉంటుంది. జాతర ముగిసిన వారంలోనే ఆ గిరాకీ పడిపోతుంది. మిగిలిన దిమ్మెలు ఎండాకాలం ఎలాగో గట్టెక్కినా, తొలకరి గాలిలోని తేమ పీల్చుకుని నీరు కారుతాయి. నల్లబడిన బెల్లాన్ని అయినకాడికి వదిలించుకోవడం మరో ప్రమాదం. అది గుడుంబా బట్టీలకు చేరుతుందన్న కారణంగా ఆబ్కారీ శాఖ నిఘా ఉంటుంది. జాతర సరుకును జాతరతోనే ముగించుకోవడం, మిగిలితే ధర తగ్గించి అయినా వానలకు ముందే వదిలించుకోవడం క్షేమం.

నిల్వలో జాగ్రత్త

గింజ సరుకుకు శత్రువు తేమ, ఆ తర్వాత పురుగు. బియ్యానికి ముక్కు పురుగు, పిండి, రవ్వలకు లక్క పురుగు, పెసలు, శనగలు, బబ్బెర్లకు పప్పు పురుగు పడతాయి. పప్పు పురుగు గింజపైనే గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో సుమారు నెల రోజులలో ఒక తరం పూర్తవుతుంది. అందువల్ల ఒక బస్తాలో కొద్దిగా కనిపించిన పురుగు రెండు నెలలలో పక్క బస్తాలన్నిటికీ పాకుతుంది. పాత బస్తాల పక్కన కొత్త సరుకు దించరాదు. బస్తాలను చెక్క బల్లలపై, గోడకు ఆనకుండా పేర్చాలి. ఖాళీ సంచులను ఎండలో వేసి, దులిపి వాడాలి. కందులకు ఆముదం పట్టించడం, వేపాకు కలపడం వంటి పాత పద్ధతులు చిన్న మోతాదు నిల్వలకు ఇప్పటికీ పనికివస్తాయి. పురుగు చంపే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను మాత్రం కొట్టులో వాడరాదు. వాటినుంచి వెలువడే వాయువు ప్రాణాంతకం. శిక్షణ, అనుమతి ఉన్నవారే వాటిని ఉపయోగించాలి.

పారవేస్తే పన్ను కూడా పోతుంది

2017 నాటి కేంద్ర జి.ఎస్.టి. చట్టంలోని 17(5)(హెచ్) నిబంధన ప్రకారం పాడైపోయిన, ధ్వంసం చేసిన, పద్దులనుంచి కొట్టివేసిన సరుకుపై ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ వర్తించదు. ముందే తీసుకుని ఉంటే తిరిగి కట్టాలి. ఉచితంగా ఇచ్చివేసిన సరుకుకూ ఇదే వర్తిస్తుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వర్తకులకు ఆ క్రెడిట్ మొదటినుంచీ లేదు గనుక, కొన్నప్పుడు కట్టిన పన్ను పూర్తిగా నష్టంలో కలుస్తుంది.

అదే సరుకును గడువులోగా తక్కువ ధరకు అమ్మితే ఈ చిక్కు లేదు. పంపిణీదారుకు వాపసు చేస్తే ఆయన క్రెడిట్ నోటు ఇవ్వవచ్చు. గడువు తీరిన మందుల వాపసు విధానాన్ని వివరిస్తూ 2018 అక్టోబరులో వెలువడిన సర్క్యులర్ ఇతర రంగాలలోని ఇటువంటి సరుకుకు కూడా వర్తిస్తుంది. అయితే వాపసు అన్నది చట్టం తనంతట తాను ఇచ్చే హక్కు కాదు, బేరంలో కుదుర్చుకోవలసిన షరతు. గడువుకు ఎన్ని రోజుల ముందు తెలియజేయాలి, రవాణా ఖర్చు ఎవరిది, నోటు ఎన్ని రోజులలో ఇస్తారు అన్న మూడు సంగతులు మొదటి ఆర్డరు నాడే కాగితం మీద ఉండడం మంచిది. వాపసు బాధ్యత తనపై ఉన్నప్పుడు పంపిణీదారు కూడా కదలని సరుకును కొట్టుమీద రుద్దడానికి వెనుకాడుతాడు.

మిగిలినదానికి వేరువేరు దారులు

ఇంత జాగ్రత్త తీసుకున్నా కొంత చెత్త తప్పదు. అదంతా ఒకే బుట్టలో వేయడంతోనే దాని విలువ పోతుంది. అట్టపెట్టెలను విప్పి, తడవకుండా కట్టగడితే స్క్రాప్ వ్యాపారి కొంటాడు. గోనె సంచులకు, నూనె డబ్బాలకు ఎప్పటిలాగే ధర ఉన్నది. శుభ్రమైన ఊడ్పు గింజలు కోళ్ళకు, పశువులకు పనికివస్తాయి. బూజు పట్టిన పల్లీలు, మక్కలు మాత్రం దాణాకు ఇవ్వరాదు. బూజులోని అఫ్లాటాక్సిన్ విషం పశువుల ద్వారా పాలలోకి కూడా చేరుతుంది.

కుళ్ళిన ఉల్లి, ఆలుగడ్డ, కూరగాయలను విడిగా ఉంచితే ఎరువుగానో, గ్యాసుగానో మారతాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఇందుకు నిదర్శనం. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో అక్కడ నెలకొల్పిన ప్లాంటు రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలనుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనం ఉత్పత్తి చేసేందుకు ఉద్దేశించినది. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో దీనిని ప్రస్తావించడంతో దేశమంతటా పేరు వచ్చింది. ఇటువంటి ప్లాంటు నడవాలంటే కూరగాయల చెత్తలో ప్లాస్టిక్ కలవకూడదు. ఆ వేరుచేసే పని కొట్టు దగ్గరే జరగాలి.

వేరుచేయని చెత్త చివరకు డంపింగ్ యార్డుకే చేరుతుంది. అక్కడ గాలి సోకక కుళ్ళే ఆహార వ్యర్థాలనుంచి మీథేన్ వాయువు పుట్టి మంటలకు, పొగకు దోహదం చేస్తుంది. కరీంనగర్‌లో మానేరు ఒడ్డున ఏళ్ళ తరబడి పేరుకున్న గుట్టను తవ్వి, జల్లించే పని చేపట్టవలసి వచ్చింది. తడి, పొడి చెత్తలను పుట్టినచోటే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే నిర్దేశించాయి.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దుకాణాల వాటా సుమారు 13 కోట్ల టన్నులు. దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడాన్ని నిషేధించింది. 400 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు తినదగిన సరుకును పాడుచేయరాదని ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది. మన చిన్న కొట్లకు అటువంటి చట్టం లేకపోయినా, పోయే ప్రతి రూపాయి సొంత పెట్టుబడే గనుక అవసరం ఇంకా ఎక్కువ.

ఇందుకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఖాతా పుస్తకంలో ‘తరుగు’ అని ఒక పేజీ తీసి, పారవేసిన ప్రతి సరుకు పేరు, కొన్న ధర, కారణం రాసుకుంటే చాలు. రెండు మూడు నెలలు తిరిగేసరికి ఏ కంపెనీ సరుకు, ఏ పంపిణీదారు స్కీము, ఏ మూల నిల్వ చేసిన బస్తా నష్టం తెస్తున్నదో ఆ పేజీయే చెబుతుంది. తదుపరి ఆర్డరు దానిని చూసి రాయడం లాభదాయకం.