మీకు తెలుసా? జీతం పెరిగితే ‘రాత్’కు గేటు

● అమెరికాలో రిటైర్మెంట్ కోసం దాచుకునే రాత్ ఐఆర్‌ఏ ఖాతాలో సంపాదన బాగా ఎక్కువున్నవాళ్లు నేరుగా డబ్బు వేయకూడదు. పన్ను కట్టేసిన డబ్బే ఇందులో వేయాలి. ఖాతాకు ఐదేళ్లు నిండి, మనకు 59½ ఏళ్లు దాటాక తీసుకుంటే అసలుకే కాదు, లాభానికీ పన్ను ఉండదు. 1997లో వచ్చిన చట్టంతో, 1998 నుంచి అమల్లో ఉన్న ఈ ఖాతాకు డెలావేర్ సెనేటర్ విలియం రాత్ పేరు పెట్టారు.

● 2025కి గరిష్ఠంగా వేయదగినది 7,000 డాలర్లు. యాభై నిండినవాళ్లకు 8,000. సింగిల్‌గా రిటర్న్ వేసేవారి ఆదాయం 1,50,000 డాలర్లకు చేరగానే కోత మొదలై, 1,65,000 దగ్గర అర్హత సున్నా అవుతుంది. సరిగ్గా మధ్యలో, అంటే 1,57,500 దగ్గరుంటే 7,000లో సగమే, 3,500 వేయొచ్చు. జాయింట్‌గా వేసే దంపతులకు ఈ హద్దులు 2,36,000, 2,46,000.

● ఒకే ఇంట్లో ఉంటూ భార్యాభర్తలు విడివిడిగా రిటర్న్ వేస్తే హద్దు ఒక్కసారిగా 10,000 డాలర్లకు పడిపోతుంది. ఉద్యోగస్తుల్లో దాదాపు ఎవరికీ అర్హత మిగలదు.

● ఆఫర్ లెటర్‌లోని జీతం ఇక్కడ కొలబద్ద కాదు. కంపెనీ రిటైర్మెంట్ ఖాతా 401(కె)లో పన్నుకు ముందే వేసిన సొమ్ము ఈ లెక్కలోంచి పోతుంది. వేరే ఆదాయమేదీ లేని సింగిల్ ఉద్యోగి జీతం 1,60,000 అనుకుందాం. 401(కె)లో 12,000 వేస్తే లెక్కకొచ్చేది 1,48,000. 2025 హద్దుల ప్రకారం రాత్‌లో పూర్తి 7,000 వేసుకోవచ్చు.

● హెచ్4 వీసా మీద ఇంట్లో ఉన్న భార్యకో భర్తకో సొంత జీతం లేకపోయినా, జాయింట్ రిటర్న్ వేస్తే రెండోవారి సంపాదన ఆధారంగా వాళ్ల పేరునా విడిగా ఐఆర్‌ఏ తెరవొచ్చు. రాత్ అయితే ఆదాయ హద్దు మాత్రం ఇద్దరికీ వర్తిస్తుంది.

● తెలియక ఎక్కువ వేస్తే, ఆ అదనపు సొమ్ము ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం జరిమానా పన్ను పడుతుంది. రిటర్న్ గడువులోపు దాన్ని, దానిపై వచ్చిన లాభంతో సహా వెనక్కి తీసుకుంటే ఆ జరిమానా తప్పుతుంది.

● హద్దు దాటినవాళ్లకూ ఒక దారుంది. మామూలు ఐఆర్‌ఏలో డబ్బు వేయడానికి ఆదాయ హద్దు లేదు, పన్ను మినహాయింపుకే ఉంది. అందులో వేసి రాత్‌కు మార్చుకోవడాన్ని ‘బ్యాక్‌డోర్ రాత్’ అంటారు. ఇలా మార్చుకోవడానికి ఉన్న లక్ష డాలర్ల ఆదాయ హద్దును 2010లో ఎత్తేశారు. అయితే పన్ను మినహాయింపు పొందిన పాత ఐఆర్‌ఏ సొమ్ము ఉంటే, అన్నీ కలిపి దామాషాలో పన్ను వేస్తారు. రిటర్న్‌తో పాటు ఫారం 8606 నింపడం మరిచిపోకూడదు.

● కంపెనీ ఇచ్చే రాత్ 401(కె)కి అసలు ఆదాయ హద్దే లేదు.

● ఒక ఏడాదికి సంబంధించిన సొమ్మును మరుసటి ఏడాది ఏప్రిల్ 15 దాకా వేయొచ్చు. బోనస్, షేర్ల లాభం ఎంతో తేలనివాళ్లు జనవరిలోనే తొందరపడి వేసేయకండి. కంపెనీ ఇచ్చే జీతం లెక్కల పత్రం డబ్ల్యూ2 చేతికొచ్చి, ఏడాది ఆదాయమంతా లెక్క తేలాక వేసుకోండి.