కాందిశీకుల భారం ఎవరిది?

బడంగ్‌పేట్‌ను ఆనుకొని ఉన్న బాలాపూర్ ప్రాంతంలో వెదురు బొంగులు, టార్పాలిన్ పట్టాలతో వేసుకున్న గుడిసెల వరుసలు కనిపిస్తాయి. ప్రైవేటు స్థలాలకు అద్దె కట్టి వాటిలో తలదాచుకుంటున్నవారు బర్మా (నేటి మయన్మార్)లోని అరకాన్ ప్రాంతపు రోహింగ్యా ముస్లింలు. వారిలో చాలామంది 2012 అల్లర్ల తర్వాత వచ్చినవారే. కూలి పనులకు పోయి, చిత్తు సామాను ఏరి పొట్టపోసుకుంటున్నారు. అక్కడికి దగ్గరలోని శంషాబాద్ విమానాశ్రయం నుంచి నిత్యం వేలాదిమంది పాస్‌పోర్టులు చూపి ప్రయాణిస్తుంటారు. ఈ గుడిసెల వారిని మాత్రం తన పౌరులని చెప్పుకునే దేశమే లేదు.

వీరు ఎప్పుడు పోతారు అని అడిగేవారు చాలామంది ఉన్నారు. వీరిని ఎవరు వెళ్ళగొట్టారు అని అడిగేవారు తక్కువ. అసలు ప్రశ్న ఈ రెండోదేనని మేము భావిస్తున్నాము.

బర్మా ప్రభుత్వం 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టం రోహింగ్యాలను గుర్తింపు పొందిన జాతుల వెలుపల ఉంచింది. దానికి ముందే, 1978లో, సుమారు 2 లక్షలమంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 1991-92లో మరో రెండున్నర లక్షలమంది, 2017 ఆగస్టులో సైన్యం విరుచుకుపడ్డాక 7 లక్షలకు పైగా ప్రజలు సరిహద్దు దాటారు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన (1948) ప్రతి మనిషికీ జాతీయత హక్కు, స్వదేశానికి తిరిగివెళ్ళే హక్కు ఉన్నాయని చెప్పింది. ఒక జాతి మొత్తానికి ఈ రెండూ లేకుండా చేసిన ప్రభుత్వమే ఈ వలసకు మొదటి బాధ్యురాలు.

ఇది కొత్త మాట కాదు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది మన దేశానికి వచ్చినప్పుడు ఐక్యరాజ్య సమితి శరణార్థుల హైకమిషనర్‌గా ఉన్నవారు సద్రుద్దీన్ ఆగాఖాన్. తర్వాత 1981లో ఆయన సామూహిక వలసలపై సమితి మానవ హక్కుల కమిషన్‌కు నివేదిక సమర్పించారు. హక్కుల ఉల్లంఘనకు, వలసలకు గల సంబంధాన్ని పరిశీలించి, ప్రమాదాన్ని ముందే పసిగట్టి హెచ్చరించే ఏర్పాటు ఉండాలని సూచించారు. కానీ ప్రపంచం మాత్రం జనం గట్టుదాటాకే కళ్ళు తెరుస్తున్నది. ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా 2019లో మయన్మార్‌ను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. రోహింగ్యాలకు రక్షణ కల్పించాలని ఆ న్యాయస్థానం 2020 జనవరిలో మధ్యంతర ఆదేశాలిచ్చింది. పెద్ద దేశాలు చేయని పని ఒక పేద దేశం చేయడం గమనార్హం.

మరి ఆశ్రయమిచ్చిన దేశం మాటేమిటి? 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. అయినా టిబెటన్లకు, శ్రీలంక తమిళులకు నీడనిచ్చింది. చక్మాల కేసులో 1996లో సుప్రీం కోర్టు, ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాక ఈ గడ్డపై ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది. అయితే 2018 అక్టోబరులో ఏడుగురు రోహింగ్యాలను అస్సాం నుంచి మయన్మార్‌కు అప్పగించారు. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించినవారి విడుదలకు సుప్రీం కోర్టు నిరాకరిస్తూ, చట్టబద్ధమైన పద్ధతి పాటించకుండా మాత్రం పంపరాదన్నది. ప్రాణభయం ఉన్న చోటికి, వారి గోడు వినకుండా తిప్పిపంపితే, వెళ్ళగొట్టినవారి నేరంలో మనమూ పాలు పంచుకున్నట్టే.

ఇస్లాం చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త పాఠం కాదు. మక్కా నుంచి తొలి ముస్లింలు హబషాకు హిజ్రత్ చేసినప్పుడు, వారిని అప్పగించమని ఖురైషీల దూతలు కానుకలతో వచ్చారు. క్రైస్తవుడైన రాజు నజాషీ ముందు ఆ పరదేశుల మాట విన్నాడు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) చెప్పింది విన్న తర్వాత కానుకలను తిప్పి పంపాడు. శరణార్థికి న్యాయం చేయడానికి ఒకే మతస్థుడై ఉండనక్కరలేదని ఆనాడే రుజువైంది.

తెలుగువారికి మరో జ్ఞాపకం ఉంది. రంగం వెళ్ళి బతికిన మన కోస్తా కూలీలు 1942లో జపాన్ దాడికి భయపడి, లక్షలాది భారతీయులతో పాటు కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చారు. దారిలో వేలమంది చనిపోయారు. 1962లో సైనిక పాలన వచ్చాక మరెందరో ఆస్తులు వదులుకొని తిరిగివచ్చారు. వారికి రావడానికి ఒక దేశం ఉంది. రోహింగ్యాలకు అదీ లేదు.

శరణార్థుల్లో ఎవరైనా దొంగ కాగితాలు సృష్టిస్తే, నేరం చేస్తే చట్టం ఆ వ్యక్తిని శిక్షించాలి. ఒకరి తప్పుకు బస్తీ మొత్తాన్ని ముద్దాయిని చేయడం న్యాయం కాదు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. కాగితాలు లేవన్న సాకుతో కూలి తగ్గించి ఇవ్వకూడదు. గుడిసె జాగాకు ఇష్టమొచ్చిన అద్దె గుంజకూడదు. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడిలో ప్రవేశం కోరవచ్చని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చని సుప్రీం కోర్టు 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ కేసులో చెప్పింది. ఆ మాట తెలియని తల్లిదండ్రులకు తెలియజెప్పి, పిల్లవాడి వెంట బడి గడప వరకు వెళ్ళగలవారు ప్రతి మొహల్లాలోనూ ఉంటారు. రంజాన్‌లో ఇచ్చే జకాత్ ఆకలి తీరుస్తుంది. ఏడాది పొడుగునా ఇచ్చే న్యాయమైన కూలి, ఒక బడి సీటు వారిని సొంత కాళ్ళపై నిలబెడతాయి.