ఫ్రాక్టల్ ప్రాజెక్ట్: కోడ్ రన్ అయింది సరే.. వైవాలో ‘2 ఎందుకు?’ అంటే ఏం చెప్తారు?

నారాయణగూడలో ఇంజినీరింగ్ కాలేజీలు, అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ.. హైదరాబాద్‌లో ఈ ఏరియా మొత్తం చదువుకునేవాళ్లదే. ఇక్కడి బీటెక్ స్టూడెంట్స్‌కి మినీ ప్రాజెక్ట్‌గా ఫ్రాక్టల్ బొమ్మ బాగా పనికొస్తుంది. కోడ్ చిన్నది, బొమ్మ అదిరిపోతుంది. చిక్కంతా వైవాలోనే. నెట్‌లో దొరికిన కోడ్‌ని యథాతథంగా దించేస్తే ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంతకీ ఫ్రాక్టల్ అంటే ఏంటి? ఎంత దగ్గరికెళ్లి చూసినా కొత్త వంపులు కనిపిస్తూనే ఉండే ఆకారం. ఈ పేరు పెట్టింది గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్, 1975లో. ఆయన పేరు మీదున్న బొమ్మకు సూత్రం ఒక్కటే: జెడ్ స్క్వేర్ ప్లస్ సీ. వచ్చిన జవాబునే మళ్లీ జెడ్‌గా పెట్టి లెక్క కట్టాలి.

దీనికి కంప్యూటరే అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు. జెడ్ 0తో మొదలుపెట్టి సీ 1 తీసుకోండి. 1, 2, 5, 26, 677.. అలా పెరిగిపోతుంది. అదే సీ మైనస్ 1 అయితే? మైనస్ 1, 0, మైనస్ 1, 0.. అక్కడే తిరుగుతుంది. తిరిగేది నలుపు. పారిపోయేదానికి రంగు, ఎన్నో అడుగులో గీత దాటిందో దాన్నిబట్టి.

ఆ గీతే 2. జెడ్ సున్నా నుంచి 2 కంటే దూరం వెళ్లిందంటే, స్క్వేర్ చేసినప్పుడు పెరిగేదాన్ని సీ ఇక వెనక్కి లాగలేదు. అందుకే లూప్ అక్కడ ఆపేయొచ్చు.

మరి ల్యాప్‌టాప్ ఎందుకు మొరాయిస్తుంది? వెయ్యి బై వెయ్యి బొమ్మలో 10 లక్షల పిక్సెల్స్. ఒక్కోదానికి 100 సార్లు తిప్పితే 10 కోట్ల లెక్కలు. ఖాళీగా కనిపించే నలుపే ఎక్కువ టైమ్ తింటుంది, ఎందుకంటే అక్కడ లూప్ చివరిదాకా తిరగాల్సిందే. పైథాన్‌లో మామూలు లూప్ బదులు నమ్‌పై వాడితే చాలా తేడా ఉంటుంది.

దాదాపు 10 లక్షల కోట్ల రెట్లు జూమ్ చేశాక బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. అది బగ్ కాదు. మామూలు డబుల్ నంబర్‌లో ఉండేది 15, 16 అంకెలే, అవి అయిపోయాయంతే.

రిపోర్ట్ స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చేముందు ఓ పని చేయండి. 100 బదులు ఒకసారి 20, ఇంకోసారి 500 పెట్టి రెండు బొమ్మలూ పక్కపక్కన ప్రింట్ తీయండి. 20 దగ్గర నల్లగా కనిపించిన అంచుల్లో కొన్ని 500 దగ్గరికొచ్చేసరికి రంగు మారతాయి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.