పాచికపై మక్కువ: దైవానికీ పురుషకారానికీ నడుమ

1. ప్రవేశిక:

బల్ల చుట్టూ కూర్చొని, పాత్రలను ధరించి, కథను అల్లుకుంటూ ఆడే ఆటలలో ప్రసిద్ధమైనది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. దీనిని ఆడేవారిలో చాలామందికి పాచికలంటే అవసరాన్ని మించిన మక్కువ. ఆటకు ఒక్క సెట్టు చాలినా రంగురంగుల సెట్లు సేకరిస్తారు. తమ పాచికలను ఇతరులు తాకితే సహించనివారున్నారు. వరుసగా తక్కువ అంకెలు చూపిన పాచికను చిన్న పెట్టెలో పెట్టి ‘జైలు’పాలు చేసేవారూ ఉన్నారు. గణితం తెలిసినవారు సైతం ఇలా ప్రవర్తించడానికి కారణమేమిటి? తెలుగు నుడికారం, భారతకథ ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో ఎలా తోడ్పడతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాచిక గణితం:

ఈ ఆటలో 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలను వాడతారు. ముఖ్యమైన నిర్ణయాలన్నీ 20 ముఖాల పాచికవే. అందులో ప్రతి అంకె పడే అవకాశమూ 5 శాతమే. ఇప్పుడు 20 పడినంత మాత్రాన మరుసారి దాని అవకాశం పెరగదు, తగ్గదు. పాచికకు జ్ఞాపకం లేదు; ఆటగాడికి ఉంది. మక్కువకు మూలం ఈ తేడాలోనే కనిపిస్తుంది.

మన అష్టాచెమ్మలోనూ ఇదే స్థితి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందని భావిస్తే, ఈ రెండింటిలో ఒక్కొక్కటి పడే అవకాశం 16లో 1 మాత్రమే. రెండు పడే అవకాశం 16లో 6. అరుదైన పందేనికే మరొకసారి గవ్వలు వేసే హక్కు దక్కుతుంది. అందుకే అష్ట పడినప్పుడు కేరింతలు.

3. నుడికారం చెప్పే సత్యం:

తెలుగులో ‘పాచిక పారింది’ అంటే పన్నిన ఉపాయం ఫలించిందని అర్థం. యాదృచ్ఛికతకు గుర్తు కావలసిన వస్తువు మన భాషలో యుక్తికి మారుపేరైంది. శకుని కథ దీనికి బలం చేకూర్చి ఉండవచ్చు. ఏమైనా, చేతితో వేసినదాన్ని చేయి శాసించగలదనే విశ్వాసం ఈ నుడిలో ఉంది.

ఆధునిక పరిశోధకులూ దీనిని గుర్తించారు. అమెరికాలో పాచికల జూదమాడే టాక్సీ డ్రైవర్లను జేమ్స్ హెన్‌స్లిన్ పరిశీలించి 1967లో ఒక వ్యాసం ప్రకటించాడు. పెద్ద అంకె కావాలంటే గట్టిగా, చిన్న అంకె కావాలంటే మెల్లగా విసరాలని వారు నమ్మేవారు. ఇటువంటి ధోరణిని ఎలెన్ లాంగర్ 1975లో ‘అదుపు భ్రమ’గా వివరించింది.

4. అక్షహృదయం:

ఈ భ్రమకు విరుగుడు నలోపాఖ్యానంలో ఉంది. జూదంలో సర్వం కోల్పోయిన ధర్మరాజుకు అరణ్యంలో బృహదశ్వుడు ఈ కథ చెబుతాడు. ఋతుపర్ణుడు ప్రయాణంలో ఒక తానిచెట్టు ఆకులు, కాయల సంఖ్యను చెప్పి, నలునికి అక్షహృదయ విద్యను ఉపదేశిస్తాడు. వేదకాలంలో పాచికలుగా వాడినవి తానికాయలే. ఆ విద్య అబ్బగానే నలుని దేహాన్ని వీడిన కలి తానిచెట్టును ఆశ్రయిస్తాడు. ‘కలి’ అన్నది పాచికలాటలో హీనమైన పందేనికి కూడా పేరు. సంఖ్యాజ్ఞానం కలిగినచోట జూదపు ఆవేశం నిలవదని ఈ ఘట్టాన్ని అన్వయించవచ్చు.

5. పణం లేని పాచిక:

సభాపర్వంలో పాచిక రాజ్యాన్ని, తమ్ములను, చివరకు ద్రౌపదిని పణంగా కోరింది. బల్లపై ఆటలో పణం లేదు. ఓటమి కూడా కథకు మలుపే. కథ నడిపే వ్యక్తికి ఎంత అధికారమున్నా, అందరి ఎదుట దొర్లిన పాచిక ఆ అధికారానికి హద్దు గీస్తుంది. తరువాత ఏం జరుగుతుందో అతనికీ తెలియదు. ఆ ఉత్కంఠలో అందరూ సమానులే.

6. ముగింపు:

వేయడం మన వంతు, పడడం మన చేతిలో లేదు. దైవాన్నీ పురుషకారాన్నీ ఒక్క క్షణం అరచేతిలో కలిపి పట్టుకొనే వీలు పాచిక కల్పిస్తుంది. ఆటగాళ్ల మక్కువకు ఇదే కారణమని చెప్పవచ్చు. అయితే ఈ మక్కువే పణం చేరినప్పుడు వ్యసనమవుతుంది. విసిరే చేయి, దొర్లే పాచిక రెండూ కనబడని ఫోన్ పందేల కాలంలో ఈ భేదాన్ని విద్యార్థులకు బోధించవలసిన అవసరం ఉంది. అందుకు నలోపాఖ్యానం ఇప్పటికీ మంచి పాఠ్యాంశమే.