పేరుపలక మారిననాడు

ఒక సంస్థ మరియొక సంస్థలో కలిసినదని పత్రికలలో చదువుదుము. ఏనాటినుండి పేరు మారునో, ఏ పాసుపుస్తకము చెల్లునో అందు స్పష్టముగా నుండును. నిన్నటివరకు వేరువేరు కొలువులలో నున్నవారు ఒకే కప్పుక్రింద పనిచేయవలసి వచ్చినప్పుడు వారి మనస్సులు ఎట్లుండునో ఎవరును వ్రాయరు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములకు ఈ యనుభవము క్రొత్త కాదు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. దేశమంతయు తలుపులు మూసికొని కూర్చున్న దినములవి. గ్రామీణ బ్యాంకు కథ అంతకంటె దీర్ఘము. రాయలసీమ, శ్రీఅనంత, పినాకిని గ్రామీణ బ్యాంకులు 2006లో కలిసి, కడప కేంద్రముగా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయినవి. 2025 మే 1న అదియును మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి, రాష్ట్రమంతటికి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడినది.

చిన్న రైతులకు, కూలీలకు, చేతిపనివారికి, అనగా నంద్యాల వరిరైతుకును ఆళ్లగడ్డ శిల్పికిని, అప్పిచ్చుటకే 1976 నాటి చట్టము ఈ బ్యాంకులను ఉద్దేశించినది. అయితే తొలినాళ్లలో వాణిజ్య బ్యాంకు గుమాస్తాతో సమానముగా పనిచేయుచు గ్రామీణ బ్యాంకు గుమాస్తా తక్కువ జీతము తీసికొనెడివాడు. జస్టిస్ ఓబుల్‌రెడ్డిగారి ట్రిబ్యునల్ 1990లో ఇచ్చిన తీర్పు, 1987 సెప్టెంబరు 1 నుండి వర్తించునట్లు ఆ భేదమును తొలగించినది. ‘కలిసిమెలిసి పనిచేయుడు’ అని ఉపన్యసించు అధికారులు ఈ చరిత్రను ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. జీతములోను, సీనియారిటీ జాబితాలోను న్యాయము లేనిచోట తేనీటి విందులెన్ని జరిపినను ఫలమేమి?

ముప్పది యేండ్లు లెక్కలు చూచినవాడు క్రొత్త కంప్యూటరు పద్ధతి ముందు ఒక్కనాటిలో విద్యార్థి యగును. తనకంటె చిన్నవానిని అడుగుటకు సిగ్గుపడును. నేర్చుకొనుటకు గడువిచ్చి, నేర్పువాని సమయమును గూడ పనిగా లెక్కించు మేనేజరు దొరికినచో ఆ సిగ్గు వారము రోజులైనను నిలువదు.

తెలుగు బోధించువాడను గనుక నాకు తట్టునది మరియొకటి కలదు. ఇప్పుడీ బ్యాంకు శ్రీకాకుళమునుండి అనంతపురము వరకు వ్యాపించినది. ‘ఏటి’ అను యువతి ఆళ్లగడ్డకు రావచ్చును. ‘యాడ’ అను నంద్యాల యువకుడు విజయనగరమునకు పోవచ్చును. ఇరువురును పరీక్ష నెగ్గి వచ్చినవారే. ఆమె మాట వినగానే తోటివారు నవ్విరా, మరునాటినుండి ఆమె నోరు విప్పదు. రైతు అడిగినది అర్థము కాకున్నను మరల అడుగదు. కాగితముపై పొరపాటు పడును, నష్టము రైతుది.

ఈ నవ్వు బ్యాంకులో పుట్టినది కాదు. వేరొక జిల్లానుండి వచ్చి బడిలో చేరిన బాలుడు తన యూరిమాట పలికినప్పుడు వెనుక బల్లలనుండి వినవచ్చునదే యిది. ఉపాధ్యాయుడు అప్పుడే ఆ మాటను నల్లబల్లపై వ్రాసి, దాని సరసన ఈ ఊరిమాటను గూడ వ్రాయవచ్చును.