ఒక ల్యాప్‌టాప్, రెండు వ్యవస్థలు: ఫిల్మ్ నగర్ విద్యార్థికి ఒక మాట

2012లో విడుదలయిన ‘ఈగ’ చిత్రమునకు గ్రాఫిక్స్ సమకూర్చిన హైదరాబాదు సంస్థ మకుట వి.ఎఫ్.ఎక్స్., ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ బహుమతిని గైకొనుటతో, తెలుగుతెర అద్భుతములు తెలుగుగడ్డమీదనే రూపొందగలవను విశ్వాసము దృఢపడినది. జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములలో గ్రాఫిక్స్ పని దొరకునను ఆశతో జిల్లాలనుండి వచ్చి, చెంతనున్న కృష్ణానగర్ ఇరుకు గదులలో తలదాచుకొను యువతీయువకులు నేడెందఱో కలరు. వారి సర్వస్వమును ఒక్క ల్యాప్‌టాప్. ఆ యొక్కదానియందే రెండు ఆపరేటింగ్ సిస్టములను నెలకొల్పుకొని, పెద్ద స్టూడియోల పద్ధతిని ఇంటనే అభ్యసింపవచ్చునను సంగతి వారందఱకును తెలియవలసియున్నది.

యంత్రభాగములకును మనము వాడు సాఫ్ట్‌వేర్లకును నడుమ నిలిచి, దేని కెంత మెమొరీ ఈయవలెనో, ఏ ఫైలు నెచ్చట నుంచవలెనో నిర్ణయించునదే ఆపరేటింగ్ సిస్టమ్. దుకాణమున కొన్న ల్యాప్‌టాప్‌లో సాధారణముగా విండోస్ ఉండును. ప్రపంచమందలి పెద్ద గ్రాఫిక్స్ స్టూడియోలలో నయితే లినక్స్‌దే ప్రాధాన్యము. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థను, 1997 నాటి ‘టైటానిక్’ చిత్రమునకై డిజిటల్ డొమైన్ సంస్థ రెండరింగ్ పనికి, అనగా కంప్యూటరు లెక్కకట్టి తుది దృశ్యములను రూపొందించు పనికి, వినియోగించినది. యంత్ర మొక్కింటికి ఇంతయని లైసెన్సు రుసుము చెల్లింపకయే వందల యంత్రములపై స్థాపించుకొనుటకును, రాత్రింబవళ్లు నిలుపుదల లేక రెండర్ నడుపుటకును, అవసరమునకు తగినట్లు మార్చుకొనుటకును వీలగుటయే ఆ ప్రాధాన్యమునకు హేతువు. ఆ స్టూడియోలు వాడు గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్లు మాయా, న్యూక్, హౌడినీలు మూడును లినక్స్‌పై నడచునవే.

అట్లని విండోస్‌ను విడనాడుటయు తగదు. ఎడిటింగునకు వాడు ప్రీమియర్ గాని, మోషన్ గ్రాఫిక్స్‌కు వాడు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ గాని, శబ్దమునకు వాడు ప్రో టూల్స్ గాని లినక్స్‌కు లభింపవు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరగు డావిన్చీ రిజాల్వ్ లభించినను, దాని ఉచిత ప్రతి లినక్స్‌పై సాధారణ హెచ్.264 వీడియోలను తెరువదు. మఱియు తెలుగువారికి ప్రత్యేకమయిన చిక్కొకటి గలదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన సంభాషణల ప్రతి యూనికోడ్ కానందున, ఆ ఫాంట్లు లేనిచోట అర్థములేని గుర్తుల వరుసగా కనబడును. కావుననే రెండు వ్యవస్థలును కావలసివచ్చుచున్నవి.

ఒకే మడిని గట్టువేసి రెండుగా పంచినట్లు, డిస్కును పార్టిషన్లుగా విభజించుటయే ఇందలి మూలసూత్రము. మొదట ముఖ్యమయిన ఫైళ్లనన్నిటిని వేఱొక డిస్కునకు ఎక్కింపవలెను. ఈ జాగ్రత్త లేక ముందడుగు వేయరాదు. డిస్కును గుప్తీకరించు విండోస్ బిట్‌లాకర్ రక్షణ యున్నచో దాని 48 అంకెల రికవరీ కీని వ్రాసియుంచుకొనవలెను. పిమ్మట విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్‌ను కుదించి ఖాళీ కల్పించి, ఫాస్ట్ స్టార్టప్‌ను నిలిపివేయవలెను. ఏలయనగా అది యున్నంతవఱకు విండోస్ పూర్తిగా మూతపడదు, ఆ స్థితిలో దాని ఫైళ్లను లినక్స్‌నుండి మార్చుట ప్రమాదకరము. తరువాత లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, దానినుండి ఆరంభించి, స్థాపింపకయే వైఫై, శబ్దము, గ్రాఫిక్స్ కార్డు సరిగా పనిచేయుచున్నవో లేవో పరీక్షింపవచ్చును. కల్పించిన ఖాళీలో లినక్స్ స్థాపన ముగిసిన పిదప, యంత్రము వెలిగినప్పుడెల్ల గ్రబ్ అను పట్టిక కనబడి, ఏ వ్యవస్థ కావలెనో కోరుకొమ్మనును. విండోస్ గడియారము ఐదున్నర గంటలు వెనుకబడినచో కలత వలదు. యంత్రకాలమును లినక్స్ అంతర్జాతీయ కాలముగను విండోస్ స్థానిక కాలముగను భావించుటయే కారణము, దానిని సెట్టింగులలో సరిచేయవచ్చును.

విండోస్ లోపలనే వర్చువల్ మెషీన్‌గా, అనగా సాఫ్ట్‌వేర్ కల్పించిన కంప్యూటరుపై, లినక్స్‌ను నడుపు మార్గమును కలదు. కాని అందు గ్రాఫిక్స్ కార్డు పూర్తిశక్తి సాధారణముగా లభింపదు గనుక, రెండరింగ్ నేర్చువారికి పైన చెప్పిన ద్వంద్వస్థాపనమే మేలు.

తెలుగునకు సంబంధించి ఈ మార్గ మొంటరిది కాదు. 2005లో హైదరాబాదున ఆరంభమయిన స్వేచ్ఛ సంస్థ, తెలుగు మాటలతో నడచు లినక్స్‌ను రూపొందించి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులలో ప్రచారము చేయుచున్నది.

ఇంతకును నా మనవి ఒక్కటే. వేలకు వేలు పోసి సాఫ్ట్‌వేర్లు కొనలేని విద్యార్థి దొంగప్రతుల నాశ్రయించుట మనకు నిత్యము కనబడు దుఃస్థితి. దానివలన వైరసుల భయము మాత్రమే గాక, వృత్తిలో అడుగిడకమునుపే ఆత్మగౌరవమునకు హాని కలుగును. లినక్స్‌ను స్థాపించుకొని 2002నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా నున్న బ్లెండర్ అను త్రీడీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌ను నేర్చినవానికి ఆ యవసరము లేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కారు నందిన లాత్వియా చిత్రము ‘ఫ్లో’ ఆ బ్లెండర్‌తోనే రూపొందినది. కాబట్టి మన శిక్షణసంస్థలు ద్వంద్వస్థాపనమును తొలి పాఠములలోనే నేర్పవలెను; నిజాయితీతో నేర్చుటకు పేదఱికము అడ్డుకాదని ప్రతి విద్యార్థికిని చూపవలెను.