ఈ పండక్కి ఆలుగడ్డ కూర మీ డ్యూటీ

సంక్రాంతి సెలవులకు ఇంటికొస్తున్నారా? ఫైనలియర్ అయినా, పాసై ఏడాది దాటినా, గేటు తీయగానే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ‘ఏం బిడ్డా, కొలువు దొరికిందా?’ పెద్దనాయన అడుగుతారు, మేనత్త అడుగుతుంది, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన పక్కింటి అన్న కూడా అడుగుతాడు. వాళ్ల తప్పేం లేదు, మాట కలపడానికి వాళ్లకు తెలిసిన దారి అదే. మనలో చాలామంది ఫోన్, చార్జర్ పట్టుకుని మేడ ఎక్కేస్తాం. అన్నం వేళకు దిగుతాం. అప్పుడు అదే ప్రశ్న పదిహేను మంది ముందు వస్తుంది.

ఈసారి మేడ ఎక్కకండి. పండగ రాత్రి భోజనంలో ఒక ఐటం మీరు తీసుకోండి. ఉల్లిగడ్డలు కోసిచ్చి వెళ్లిపోవడం కాదు, కొనడం నుంచి వడ్డించడం దాకా మొత్తం మీదే. అమ్మాయిల్లో చాలామందికి ఈ డ్యూటీ అడగకుండానే పడుతుంది కాబట్టి ఇది అబ్బాయిలకు ఎక్కువగా చెబుతున్న మాట. కనుమ నాటి నాటుకోడి సంగతి అంకాపూర్ వాళ్లకు వదిలేద్దాం. నా ఓటు పూరీల్లోకి ఆలుగడ్డ ముద్దకూరకు. పళ్లు లేని అవ్వ నుంచి పళ్లు రాని పిల్లల దాకా అందరూ తింటారు. ఎంఎస్‌కు అమెరికా వెళ్లిన మీ సీనియర్లను అడగండి. నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ విందులో వాళ్ల ప్లేట్లో పడేది కూడా మెదిపిన ఆలుగడ్డే. అక్కడ వెన్న, పాలు. ఇక్కడ పోపు, పసుపు. లోపలి కెమిస్ట్రీ ఒక్కటే.

పదిహేను మందికి రెండున్నర కిలోల గడ్డ సరిపోతుంది. గోటితో గీరితే తొక్క ఊడొచ్చేది కొత్త గడ్డ. అందులో నీళ్లెక్కువ, పిండి తక్కువ. వేపుడుకు ఓకే, ముద్దకు పాత గడ్డే మంచిది. పచ్చబారినవి, మొలకలొచ్చినవి పక్కన పెట్టేయండి. సైజు ఒకేలా ఉన్నవి ఏరుకోండి. చిన్నదీ పెద్దదీ కలిపి ఉడకబెడితే ఒకటి చితికేలోపు ఇంకొకటి పచ్చిగా ఉంటుంది.

ఇక అసలు పని. గడ్డలు వేసి చన్నీళ్లు పోసి, ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైపొర మెత్తబడిపోయి లోపల గట్టిగానే ఉంటుంది. కుక్కరైతే మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు, రెండు విడతలు చేసుకోండి. ఉడికాక నీళ్లు వంపేసి, మూత తీసి ఐదు నిమిషాలు అలాగే వదిలేయండి. ఆవిరి ఎంత పోతే ముద్ద అంత బాగుంటుంది. తర్వాత వేడి మీదే తొక్క తీసి పప్పుగుత్తితో మెదపండి. తొందరపడి మిక్సీలో వేశారో, కూర కాదు, పోస్టర్లు అంటించే జిగురు తయారవుతుంది. గడ్డలో పిండి చిన్న చిన్న అరల్లో ఉంటుంది. మెల్లగా మెదిపితే అరలు విడివడతాయి, అంతే. మిక్సీ బ్లేడు వాటిని కోసేస్తుంది, లోపలి పిండంతా బయటికొచ్చి సాగుతుంది. అప్పుడు దాన్ని బాగుచేసే మార్గం లేదు. కాబట్టి ముప్పావు వంతు మెదిపి, పావు వంతు ముక్కల్లా ఉంచండి.

పోపులో ఆవాలు, శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కిలో దాకా ఉల్లిగడ్డ. ఉల్లి మగ్గాక మంట తగ్గించి పసుపు వేయండి. పసుపులోని కుర్‌కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనెలో వేస్తే కూరంతా ఒకే రంగు పట్టేస్తుంది. మాడితే మాత్రం చేదు. తర్వాత గడ్డ, వేణ్ణీళ్లు, చివర్లో మూడు చెంచాల శనగపిండి నీళ్లలో కలిపి పోసి ఉడకనివ్వండి. నిమ్మరసం దించాకే. పులుపు ముందే తగిలితే ముక్కలు మెత్తబడవు.

మన ఆర్మూర్ వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. జనవరి నుంచి మార్చి దాకా చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వి ఉడకబెడతారు కదా, అక్కడ జరిగేదీ ఇదే. ఉడికేటప్పుడు కొమ్ములోని పిండి జిగురై, రంగు లోపలంతా సమానంగా పరుచుకుంటుంది, ఎండడమూ త్వరగా అవుతుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే కొమ్ము పెళుసుగా విరుగుతుంది. థర్మామీటర్ లేకుండా రైతు ఎలా చెబుతాడు? నురగ, వాసన చూస్తాడు. కొమ్మును వేలితో నొక్కి, పుల్ల గుచ్చి చూస్తాడు. మీ నాన్నో తాతో ఆ పని చేసినవాళ్లయితే, ఆలుగడ్డ ఉడికిందా లేదా చూడమని పిలవండి. కొలువు గురించి కాకుండా వేరే విషయం మీద మీ ఇద్దరూ మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి సందు దొరకదు.

ఇంటర్వ్యూలో ఈ కూర కథ చెప్పమంటారా? వాళ్లు అడిగితే తప్ప నేనైతే చెప్పమనను. కానీ ఒకటి గమనించండి. ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కున్నవాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోతారు. ‘ఇదే ఎందుకు వాడారు?’ అని అడిగితే చాలు. ఈ కూరలో చన్నీళ్లు ఎందుకు, పప్పుగుత్తి ఎందుకు, నిమ్మకాయ చివర్లో ఎందుకు అంటే మీ దగ్గర జవాబుంటుంది. సొంతంగా చేసిన ఏ పనికైనా అలాంటి జవాబులుంటాయి. మీ ప్రాజెక్టును కూడా పండగలోపు అలా ఒకసారి గీకి చూసుకోండి.

ఈ ‘ఎందుకు’లే మీకు ఇష్టమైతే, దారి కూడా ఉంది. మన జిల్లా రుద్రూర్‌లోనే వ్యవసాయ వర్సిటీ వారి ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. ఇంజినీర్లకు గేట్ ఎక్స్‌ఈ పేపర్‌లో ఫుడ్ టెక్నాలజీ సెక్షన్ ఉంది. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐలో ఎమ్మెస్సీ ఉంది. పసుపు మీద పరిశోధనకు కమ్మర్‌పల్లిలో ప్రత్యేక కేంద్రమే ఉంది. 2025 సంక్రాంతి రోజునే, జనవరి 14న, జాతీయ పసుపు బోర్డు మొదలైంది, దాని హెడ్డాఫీసు నిజామాబాద్‌లో. బోర్డు వచ్చినంత మాత్రాన రేపే ఉద్యోగాలు వచ్చిపడతాయని నేను చెప్పను. వెబ్‌సైట్‌ను మాత్రం బుక్‌మార్క్ చేసుకోండి.

కూర చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే కాస్త పలచగా ఉన్నప్పుడే దించి, వడ్డించే ముందు గ్లాసు వేణ్ణీళ్లు దగ్గర పెట్టుకోండి. పూరీలు వేసేవాళ్లకు పది నిమిషాల ముందే చెప్పండి. మిగిలితే రాత్రంతా గిన్నెలో బయట వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. కనుమ పొద్దున శనగపిండిలో ముంచి బోండాలు వేసుకోవచ్చు, అది కూడా మీ డ్యూటీయే.